పాత 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్: బాగుచేయిస్తే ఎంత పడుతుంది, అసలు కొనొచ్చా?

ఉప్పాడ ఫైబర్ తెప్ప (ప్రశ్న)

అన్నలందరికీ నమస్కారం. మా తెప్పకి పాత యమహా 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (తెప్ప వెనక తగిలించే) మోటారు ఒకటి బేరానికి వచ్చింది. రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్ట్ చేసేది, పొట్టి షాఫ్టు. 22,000 అడుగుతున్నారు. బయానా ఇంకా ఇవ్వలేదు.

మోటారు రెండేళ్లుగా షెడ్డులో పడుంది. తాడు లాగితే తిరుగుతోంది, కానీ స్టార్ట్ అవ్వట్లేదు. కవరు తీసి చూస్తే కార్బొరేటర్ చుట్టూ ఆకుపచ్చగా పేరుకుంది, బోల్టుల తలల దగ్గర తెల్లటి పొడి ఉంది. అంతకుముందు పెట్రోల్లో కిరసనాయిలు కలిపి నడిపారని ఒకరన్నారు, అమ్మేవాళ్లు కాదంటున్నారు. స్టీరింగ్ బిగుసుకుపోయింది, హ్యాండిల్ బలంగా తోస్తే గానీ తిరగట్లేదు.

చూపించిన మెకానిక్ మోటారు విప్పకుండానే "మొత్తం చేసి ఇస్తాను, 45,000 ఇవ్వు" అన్నాడు. కొత్త 15 హెచ్‌పీకి షోరూములో 1,60,000 దాకా చెప్పారు. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, ఆ లోపు తేల్చుకోవాలి. ఆ 45,000 న్యాయమేనా? దేనికి ఎంత అవుతుందో విడివిడిగా చెప్పగలరా?

కాకినాడ వర్క్‌షాపు

తమ్ముడూ, విప్పకుండా చెప్పిన రేటుకు అర్థం లేదు, అది 45,000 అయినా 15,000 అయినా. ఈ మోటారులో ఖర్చును తేల్చేవి మూడే: క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు), కింది గేర్లు, సీడీఐ (ప్లగ్గులకు స్పార్కు ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బా). ఈ మూడూ బాగుంటే మిగతా పని ఎంత చెత్తగా కనిపించినా లెక్కలో ఇముడుతుంది. ఒక్కటి పోయినా బేరం మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి, రెండు పోతే వదిలెయ్. వీటి సంగతి డబ్బు ఇవ్వకముందే, ఒక పూటలో తేల్చుకోవచ్చు. కావాల్సినవి ప్లగ్గు పానా, కంప్రెషన్ గేజి, పెద్ద స్క్రూడ్రైవరు, ఖాళీ డబ్బా, టార్చిలైటు.

ముందు ప్లగ్గులు రెండూ తీసెయ్. ప్లగ్గు వైర్లు బాడీకి ఆనించి పెట్టు, గాల్లో వదిలేసి తాడు లాగితే సీడీఐకో కాయిల్‌కో దెబ్బ తగులుతుంది. ఇప్పుడు ఫ్లైవీల్ చేత్తో మెల్లగా గడియారం దిశలో తిప్పు. ప్లగ్గులు లేనప్పుడు నున్నగా తిరగాలి. ఒక చోట గరగరమని ఇసుక నలిగినట్టు తెలిసిందంటే క్రాంక్ బేరింగు తుప్పు పట్టింది. ఫ్లైవీల్ రెండు అంచులూ పట్టుకుని పైకీ కిందకీ, పక్కలకీ ఊపు. పక్కలకి ఆట తెలిస్తే పై బేరింగు అరిగింది. ఈ క్రాంకు ప్రెస్ చేసి కూర్చిన ముక్కల కట్టు. లోపలి బేరింగులు మార్చాలంటే ప్రెస్సు మీద విడదీసి, మళ్లీ నిటారు చూసుకుంటూ కూర్చాలి. మామూలు లేత్ షాపులో ఆ పని కుదరదు. అందుకే చాలామంది మొత్తం కట్టే కొంటారు, ఖర్చంతా అక్కడే.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండరు లోపల పుట్టే ఒత్తిడి. రెండు ప్లగ్గులూ బయటే ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి, ముల్లు ఆగేదాకా తాడు నాలుగైదు సార్లు గట్టిగా లాగాలి. యాక్సిలరేటర్ మూసి లాగితే రీడింగ్ తక్కువ చూపిస్తుంది, బాగున్న మోటార్లను కూడా జనం ఇలాగే చెడ్డవనుకుంటారు. రెండూ 100 పీఎస్ఐ పైన ఉండి, వాటి మధ్య తేడా పది శాతం లోపు అయితే పవర్‌హెడ్ (పైనుండే ఇంజను భాగం) విప్పొద్దు. 90 కిందకి ఉంటే విప్పాల్సిందే. ఒకటి తక్కువగా ఉంటే ఆ సిలిండర్లో ఒక చెంచా టూ స్ట్రోక్ నూనె పోసి మళ్లీ లాగు. రీడింగ్ పెరిగితే రింగులైనా, బోరు (సిలిండరు లోపలి గోడ) అయినా అరిగింది. పెరగకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, లేదా పిస్టన్‌కి రంధ్రం.

కిరసనాయిలు సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. కిరసనాయిలు మోటారుకు కంపెనీయే కంప్రెషన్ తగ్గించి హెడ్డు ఇస్తుంది. పెట్రోలు మోటారులో అది పోస్తే లోపల ముందే పేలి, పిస్టన్ పైభాగం అంచు దగ్గర చీమలు కొరికినట్టు గుంటలు పడతాయి. ప్లగ్గు రంధ్రంలో టార్చి వేసి చూడు. పిస్టన్ తలమీద మసి ఉంటే పర్వాలేదు. అల్యూమినియం మెరుస్తూ తినేసినట్టు ఉంటే అమ్మేవాళ్ల మాట నమ్మకు.

ఆఖరుగా గేర్ కేసు, అంటే ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే కింది భాగం. నూనె తీసేటప్పుడు కింది స్క్రూ ముందు, పైది తర్వాత. మొదట నీళ్లు విడిగా వచ్చి తర్వాత నూనె వస్తే నీళ్లు చాలాకాలం నిలబడి ఉన్నాయని, కింద బేరింగు తుప్పు పట్టి ఉండే అవకాశం ఎక్కువ. పాలలా తెల్లగా వస్తే సీళ్లు పోయాయి, గేర్లు బాగుండొచ్చు. ఒక అయస్కాంతం ఆ నూనెలో తిప్పు. బూడిదలాంటి మెత్తటి పొడి అంటితే మామూలే. గోటితో పట్టుకోగలిగే రేకులు అంటితే గేరు పళ్లు రాలుతున్నాయి. తర్వాత గేరు వేసి ప్రొపెల్లర్‌ని చేత్తో వెనక్కీ ముందుకీ తిప్పు. ముందు గేరులో టకటక జారుతుంటే డాగ్ క్లచ్ (గేరును పట్టుకునే పళ్ల ముక్క) అంచులు గుండ్రంగా అరిగాయి.

ఇవన్నీ చూసి అంకెలు ఇక్కడ రాయి, అప్పుడు ధర మాట్లాడదాం.

భీమిలి బోటు

అన్న చెప్పింది సరే, ఒకటి కలుపుతా. కంప్రెషన్ బాగుందని పవర్‌హెడ్ బాగున్నట్టు కాదు. ఉప్పునీళ్ల మోటారు లోపల నీళ్ల దారులు మూసుకుపోయి ఉంటే, స్టార్ట్ అయ్యాక పది నిమిషాల్లో సీజ్ అవుతుంది, అంటే పిస్టన్ పట్టేస్తుంది. పక్కనుంచి నీటి ధార వస్తోందిగా అని ధైర్యపడతారు. ఆ ధార పంపు పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. హెడ్డు చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయో లేదో దానివల్ల తెలియదు. థర్మోస్టాట్ కవరు తీసి లోపల చూడండి. ఉప్పు రాయిలా గట్టిపడి ఉంటే సిలిండర్ కవర్లన్నీ విప్పాలి. థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లు పోసి వేడిచేసి చూడొచ్చు, 50 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. తెరుచుకున్నా తుప్పు ఉంటే కొత్తదే వేయండి.

అసలు ఖర్చు పెరిగేది ఆ కవర్ల బోల్టుల దగ్గరే. మీరు చూసిన తెల్లపొడి స్టీలు బోల్టు, అల్యూమినియం బాడీ, ఉప్పునీరు మూడూ కలిసి పుట్టించేది. అల్యూమినియం తినేసి ఆ పొడి ఉబ్బి బోల్టును లోపల బిగించేస్తుంది. పానా పెట్టి తిప్పినప్పుడు బోల్టు కదలకుండా రబ్బరులా సాగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. అక్కడే ఆపాలి. ఇంకో పావు చుట్టు తిప్పితే తల విరిగి చేతిలోకి వస్తుంది. బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని గ్యాసుతో గానీ హీట్ గన్‌తో గానీ వేడిచేసి, తుప్పు వదిలే నూనె కొట్టి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత వదిలే వైపు, అలా మార్చి మార్చి కదపాలి. ఒక్కో బోల్టుకు అరగంట పట్టినా తొందరపడకూడదు. విరిగితే మధ్యలో సరిగ్గా పంచ్ కొట్టి, చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, కొత్త మర వేసి హెలికాయిల్ (మరలో కూర్చే తీగచుట్ట) పెట్టించాలి. ఒక్కోదానికి 300 నుంచి 500 తీసుకుంటారు. డ్రిల్లు పక్కకి జారి నీళ్ల దారిలోకి పోతే ఆర్గాన్ వెల్డింగ్ తప్పదు, ఇంకో రెండు మూడు వేలు.

కింది యూనిట్ దిగుతుందో లేదో కూడా కొనకముందే చూడండి. గేర్ రాడ్డు కనెక్టరు విప్పి బోల్టులు తీశాక అరంగుళం దిగి ఆగిపోతే, డ్రైవ్ షాఫ్టు పళ్లు క్రాంకులో తుప్పుతో అతుక్కుపోయాయన్నమాట. అది విడదీయడం రోజు పని, ఒక్కోసారి క్రాంకు కింది చివర కూడా పాడవుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటే మాత్రం భయం లేదు. గ్రీజు నిప్పుల్స్ మార్చి, వేడిచేస్తూ కొత్త గ్రీజు ఎక్కిస్తే వస్తుంది.

పార్టుల పుస్తకం

ధరలు అడిగారు కాబట్టి. ఇవి అంచనా లెక్కలు, ఒరిజినల్ సామానుకు. ఊరిని బట్టి, స్టాకును బట్టి మారతాయి, కొనేముందు షాపులో సరిచూసుకోండి.

వాటర్ పంపు పూర్తి కిట్టు, అంటే ఇంపెల్లరు, లోపలి కప్పు, అడుగు ప్లేటు, కీ, గ్యాస్కెట్లు కలిపి 3,500. ఒక్క ఇంపెల్లరే వేయించుకుందాం అనుకోకండి. అడుగు ప్లేటు మీద గీతలు పడి ఉంటే కొత్త రబ్బరు కూడా నీళ్లు లాగదు. థర్మోస్టాట్ 1,200. పవర్‌హెడ్ గ్యాస్కెట్ సెట్ 3,500. పిస్టన్, రింగులు, పిన్ను, క్లిప్పులు కలిపి ఒక సిలిండరుకు 4,000. బోరింగ్ (సిలిండరు లోపల కోసి పెద్దది చేయడం), హోనింగ్ (ఆ గోడను రుద్ది సరిచేయడం) కలిపి ఒక్కో సిలిండరుకు 900. క్రాంకు పై సీలు, కింది సీలు కలిపి 1,200. గేర్ కేసు సీళ్లు, ఓ రింగులు 2,000. కార్బొరేటర్ కిట్టు, ఫ్యూయల్ పంపు పొరలు కలిపి 2,500. బల్బుతో సహా పెట్రోలు పైపు 2,000. ప్లగ్గులు రెండూ 400. గేర్ ఆయిల్, గ్రీజు, సీలెంటు, జింకు అన్నీ 1,000.

పెద్దవి మూడు: సీడీఐ 8,000 పైన, గేర్లు సెట్టు 12,000 పైన, క్రాంకు కట్టు 20,000 పైన.

సామాను తెచ్చుకునేటప్పుడు మోడల్ పేరు చెప్పకండి. క్లాంపు బ్రాకెట్ మీద ఉన్న ప్లేటులో మోడల్ కోడు చదివి చెప్పండి. యమహా పార్టు నంబరులో మొదటి మూడు అక్షరాలు ఏ మోటారో చెబుతాయి, మధ్య ఐదంకెలు ఏ వస్తువో చెబుతాయి. 44352 ఎక్కడ కనిపించినా అది ఇంపెల్లరే. 63వి-44352 వేరు, 682-44352 వేరు, రెండూ 15 హెచ్‌పీకే వస్తాయి గానీ మోటారు తరం వేరు. షాపువాడు "15కి ఇదే" అని చేతిలో పెడితే నంబరు చూసే తీసుకోండి.

డబ్బు మిగిలే చోటు కూడా ఉంది. బాల్ బేరింగుల మీద చెక్కిన నంబరు మామూలు బేరింగు షాపులో చూపించండి, మంచి కంపెనీది సగానికి సగం తక్కువలో వస్తుంది. వెనక ఉన్న సీ3 వంటి గుర్తు కూడా అదే ఉండాలి. అది లోపలి ఖాళీని చెబుతుంది, లేనిది వేస్తే వేడెక్కినప్పుడు బిగుస్తుంది. 9.9 హెచ్‌పీ, 15 హెచ్‌పీ రెండూ 246 సీసీ బ్లాకే, కాబట్టి పాత 9.9 ఒకటి ముక్కలుగా దొరికితే చాలా సామాను పనికొస్తుంది, కార్బొరేటర్ తప్ప. పిస్టన్లు, రింగులు, క్రాంకు సీళ్లు, ఇంపెల్లరు మాత్రం చవకవి వద్దు. చవక రింగు బోరు పాడుచేస్తే బోరింగు డబ్బు మళ్లీ పెట్టాలి.

ఉప్పాడ ఫైబర్ తెప్ప

అన్నలూ, అన్నీ చూశాను. కంప్రెషన్ పై సిలిండరు 112, కిందిది 74. నూనె పోసి లాగితే కిందిది 98కి వచ్చింది. ఫ్లైవీల్ నున్నగా తిరుగుతోంది, ఆట లేదు. గేర్ ఆయిల్ పాలలా ఉంది, విడిగా నీళ్లు రాలేదు, అయస్కాంతానికి మెత్తటి పొడే. గేర్లు పడుతున్నాయి, జారట్లేదు. స్పార్కు రెండింటికీ నీలంగా కొడుతోంది. కింది యూనిట్ కొంచెం కష్టపడి దిగింది. కింది పిస్టన్ మీద గుంటలేమీ కనబడలేదు, పక్కన గోడకి నిలువు గీతలు ఉన్నట్టున్నాయి.

కాకినాడ వర్క్‌షాపు

మంచి కబురే. పెద్దవి మూడూ బతికున్నాయి. నూనెకి 74 నుంచి 98కి పెరిగిందంటే కింది సిలిండర్ రింగులు, బోరు. ఈ మోటార్లలో ఎగ్జాస్టు దారిలో వెనక్కొచ్చిన ఉప్పునీళ్లు ముందు చేరేది కింది సిలిండరుకే, కింది క్రాంకు సీలు పోయినా నష్టం దానికే.

హెడ్డు తీశాక గీతల మీద గోరు అడ్డంగా లాగు. గోటికి తగలకపోతే హోనింగ్ చేసి కొత్త రింగులతో సరిపెట్టొచ్చు. తగిలితే బోరింగే. 0.25 మి.మీ. ఓవర్‌సైజు చాలకపోతే 0.50. పిస్టన్ ముందు కొని లేత్ షాపుకు ఇవ్వాలి, దాన్ని కొలిచే బోరు కొట్టాలి. పని అయ్యాక పోర్టుల (సిలిండరు గోడలో ఉండే రంధ్రాల) అంచులు సన్నగా మెత్తబరిచారో లేదో వేలితో తడిమి చూడు. అంచు పదునుగా వదిలేస్తే రింగు అక్కడ తట్టుకుని మొదటి రోజే విరుగుతుంది. చాలా లేత్ షాపులు బైకు బోర్లకు అలవాటుపడి ఇది మర్చిపోతాయి, అడిగి చేయించుకోవాలి.

ఒక్కటే బోరు కొట్టించొద్దు, రెండూ చేయించు. విప్పిన కూలి ఎలాగూ అయ్యింది, తర్వాత పైది పోతే మళ్లీ గ్యాస్కెట్లతో సహా అంతా కొనాలి.

లెక్క వేద్దాం. పిస్టన్లు 8,000, బోరింగ్ 1,800, గ్యాస్కెట్లు 3,500, క్రాంకు సీళ్లు 1,200, వాటర్ పంపు 3,500, థర్మోస్టాట్ 1,200, గేర్ కేసు సీళ్లు 2,000, కార్బొరేటర్, పంపు కిట్లు 2,500, పైపు 2,000, ప్లగ్గులు 400, నూనెలు వగైరా 1,000. సామాను, లేత్ పని కలిపి 27,100. కూలి 7,000 వేసుకుంటే 34,100. విరిగే బోల్టుల కోసం 3,500 పక్కన పెట్టుకో, 37,600. 45,000 అన్నవాడు మరీ అన్యాయం చెప్పలేదు, కానీ ఏమేం మారుస్తాడో రాసివ్వమను. పాత సామాను నీకు తిరిగివ్వాలని ముందే మాట తీసుకో.

పాత టూ స్ట్రోక్ మీద కొన్న ధర, రిపేరు కలిపి కొత్తదాంట్లో 40 శాతం దాటకూడదని నా లెక్క. 1,60,000కి అది 64,000. అందులో 37,600 తీసేస్తే 26,400. సీడీఐ ఇవాళ కొడుతోంది సరే, వేడెక్కాక ఆగిపోయే సీడీఐలు ఉంటాయి, దానికి 8,000 ఉంచుకోవాలి. మిగిలింది 18,400. కంప్రెషన్ గేజి, పాలరంగు నూనె అమ్మేవాళ్ల కళ్లముందు పెట్టి 15,000 నుంచి బేరం మొదలుపెట్టు, 18,000 దాటకు.

బిగించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. క్రాంకు కేసు రెండు ముక్కల మధ్య గ్యాస్కెట్ ఉండదు, పెట్రోలు తట్టుకునే సీలెంటు పల్చగా రాయాలి. మామూలు సిలికాన్ రాస్తే పెట్రోలుకు ఊడి గాలి లాగుతుంది, మిక్చరు పలచబడి అదే సిలిండరు మళ్లీ సీజ్ అవుతుంది. గేర్ కేసు సీళ్లు వేశాక నూనె పోయకముందు పై స్క్రూ రంధ్రంలో గొట్టం పెట్టి, 14 పీఎస్ఐ గాలి ఎక్కించి నీళ్ల డ్రమ్ములో ముంచు. బుడగలు ఎక్కడొస్తే అక్కడ సీలు సరిగా కూర్చోలేదు. నూనె మాత్రం కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలో కనిపించేదాకా. దీనికి పావు లీటరు పడుతుంది.

భీమిలి బోటు

బోరు కొట్టించిన మోటారుకు మొదటి 10 గంటలూ లీటరు పెట్రోలుకు 40 మి.లీ. నూనె, తర్వాత 20 మి.లీ. అంటే 20 లీటర్ల ట్యాంకుకు ముందు 800, తర్వాత 400. నూనె డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. బైకు టూ స్ట్రోక్ నూనె గాలితో చల్లబడే ఇంజన్లకి చేసింది, ఇందులో వాడితే మసి కట్టి రింగులు అతుక్కుంటాయి.

ఇంకొకటి, ఇప్పుడు బంకులో వచ్చేది ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. అందులోని ఇథనాల్ సముద్రపు గాలిలో తేమను లాక్కుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరతాయి. మీరు కలిపిన నూనె పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. పైపు లాగేది అడుగునుంచి కాబట్టి మోటారు నూనె లేకుండా నడుస్తుంది, కొత్త పిస్టన్లు ఒక్క ప్రయాణంలో గీసుకుపోతాయి. వేటకి సరిపడానే కలుపుకోండి, నిషేధం రోజుల్లో ట్యాంకులో, కార్బొరేటర్ గిన్నెలో చుక్క కూడా ఉంచొద్దు. మధ్యలో నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఒకటి పెట్టండి. పాత రబ్బరు పైపులు ఈ పెట్రోలుకు లోపల ఉబ్బి పొరలు ఊడతాయి, అందుకే పై లెక్కలో 2,000 పైపుది తీసేయకండి.

మొదటి గంట నీళ్ల డ్రమ్ములోనో ఏటిలోనో తక్కువ స్పీడులో, మధ్య మధ్య కొంచెం పెంచుతూ తగ్గిస్తూ నడపండి, ఒకే స్పీడులో వదిలేయొద్దు. మోటారు పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టులు మధ్యనుంచి బయటకి వరసలో టార్క్ పానాతో ఇంకోసారి చూసి, ఆ తర్వాతే సముద్రంలోకి దించండి.